మెదడులో కాపలా, మెదడులో మంట

(యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతికి పుదుచ్చేరిలో చేసిన ఉపన్యాస పాఠం)



సుబ్బారావు గారిని తలచుకునే సభ పుదుచ్చేరిలో ఎందుకని ఒకరిద్దరు నన్ను అడిగారు. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో, మద్రాసులో చదివారు. 1922లో అమెరికా వెళ్ళిపోయారు. మళ్ళీ ఈ దేశానికి రాకుండానే 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ళ వయసులో, అక్కడే కన్నుమూశారు. ఆయన రాలేకపోయినా ఆయన మందు ఈ ఊళ్ళో గడప గడపకూ వచ్చింది. బోదకాలు మందు సంగతి చెబుతున్నాను. అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1947లో డైఇథైల్ కార్బమజీన్‌ను బయటికి తెచ్చింది. దాన్నే మనం డిఇసి మాత్ర అంటాం. 1975లో ఇక్కడ దోమల పరిశోధనా కేంద్రం, వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్, మొదలైంది. బోదకాలు తెచ్చే ఫైలేరియా మీద ఆ కేంద్రం పెద్ద పోరాటమే చేసింది. ఫైలేరియా ఉన్న ఊళ్ళలో పెరిగినవాళ్ళకు రాత్రిపూట తలుపు తట్టి, వేలు గుచ్చి, గాజు పలక మీద రక్తపు చుక్క తీసుకునే ఆరోగ్య కార్యకర్తలు గుర్తుండే ఉంటారు. ఫైలేరియా పురుగు పిల్లలు రాత్రిళ్ళే పైపై రక్తంలోకి వస్తాయి, అందుకే ఆ వేళ.

ఆ మాత్రలో ఒక వింత ఉంది. నా ఉపన్యాసమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఫైలేరియా పిల్లపురుగుల్ని గాజు గొట్టంలో వేసి డిఇసి కలిపితే, అవి హాయిగా ఈదుతూనే ఉంటాయి. అదే మాత్ర మనిషి మింగితే కొద్ది గంటల్లో రక్తంలోంచి మాయమవుతాయి. అంటే పురుగును చంపే పని చాలావరకు మన ఒంటి రక్షణ దళానిదే. మందు ఆ దళానికి పురుగును పట్టి ఇస్తుంది. ఆ తర్వాత జ్వరం వస్తుంది, ఒళ్ళునొప్పులు వస్తాయి, ఒక్కోసారి వాపు కూడా వస్తుంది. అది మందు చేసిన చెడుపు కాదనీ, చచ్చిన పురుగుల మీద మన దళం చేస్తున్న దాడి అనీ జనానికి చెప్పి ఒప్పించాల్సి వచ్చేది. కాపాడేదీ ఆ దళమే, నొప్పి పెట్టేదీ ఆ దళమే. ఈ సంగతిని మనసులో ఉంచుకుని నాతో పాటు మెదడులోకి రండి.

పులస వాసన

కొన్నేళ్ళ కిందట యానాం నుంచి ఒక లెక్కల మాస్టారు నా దగ్గరికి వచ్చారు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంటే బొటనవేలు, చూపుడువేలు మాత్ర చుట్టుతున్నట్టు కదులుతున్నాయి. నేను కాగితం ఇచ్చి, "మాస్టారూ, ఒక వాక్యం రాయండి" అన్నాను. మొదటి మాట ముత్యంలా ఉంది. మూడో మాటకు అక్షరం సగమైంది. పంక్తి చివరికి వచ్చేసరికి గుడి, దీర్ఘం, కొమ్ము అన్నీ కలిసిపోయి చీమల బారులా మిగిలింది. ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద రాసిన చెయ్యి అది. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూసుకున్నారు.

ఇంకేమైనా మార్పులు వచ్చాయా అని అడిగితే ఆయన భార్య అందుకున్నారు. "నాలుగేళ్ళ కిందట పులస పులుసు పెడితే ఇందులో వాసనే లేదన్నారండి. నేనే చెడగొట్టానేమో అనుకున్నాను. నిద్రలో చేతులు విసురుతారు, ఓసారి నా మొహం మీద తగిలింది. మలబద్ధకమైతే పదేళ్ళుగా ఉందండి." అప్పుడు మాస్టారు నన్నొక ప్రశ్న అడిగారు: "డాక్టరు గారూ, పులస వాసన పోయిన రోజే నేను మీ దగ్గరికి వచ్చుంటే ఏం చేసేవారండి?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న ఇన్నేళ్ళూ నాతోనే ఉంది. ఈరోజు దాన్ని మీ ముందు పెడుతున్నాను.

రెండు ఆవిష్కరణలు, అరవై తొమ్మిదేళ్ళ ఎడం

మాస్టారికి వచ్చిన ఈ వణుకు వాతాన్ని 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్‌సన్ వర్ణించాడు. పారిస్‌లో షార్కో దానికి ఆయన పేరు పెట్టాడు. ఆ పారిస్‌లోనే 1919లో ట్రెట్యాకాఫ్ అనే యువకుడు తన వైద్య సిద్ధాంత గ్రంథంలో, ఈ రోగుల మెదడు కాండంలో నల్లగా ఉండాల్సిన పొర పాలిపోతోందని చూపించాడు. డోపమైన్ తయారుచేసే కణాలు ఉండేది అక్కడే. ఆ కణాల్లోని రంగు వల్లే ఆ నలుపు. చెయ్యి వణికే నాటికే వాటిలో సుమారు సగం పోయి ఉంటాయి.

అదే 1919లో మాడ్రిడ్‌లో డెల్ రియో ఓర్తేగా అనే శాస్త్రవేత్త మెదడులో ఒక కొత్త రకం కణాన్ని వేరుగా గుర్తించాడు. దాని పేరు మైక్రోగ్లియా. మెదడుకు తలారి లాంటి కణం ఇది. కొమ్మల్లాంటి సన్నని చేతులు చాచి చుట్టుపక్కల తడుముతూ ఉంటుంది. చెత్త కనబడితే తినేస్తుంది, శత్రువు కనబడితే కేక పెడుతుంది. ఒకే ఏడాది వెలుగు చూసిన ఈ రెండు సంగతులు ఒకదాన్నొకటి కలుసుకోవడానికి 69 ఏళ్ళు పట్టింది. 1988లో కెనడాలోని వాంకూవర్‌లో మెక్‌గీర్ దంపతులు, వాళ్ళ సహచరులు పార్కిన్‌సన్ రోగుల మెదళ్ళను మరణానంతరం పరీక్షించారు. పాలిపోయిన ఆ నల్ల పొరలో తలార్లు గుంపులు గుంపులుగా ఉన్నారు. అందరూ ఉగ్రరూపంలోనే ఉన్నారు.

మోకాలు వాస్తే ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, నొప్పెడుతుంది. పుస్తకాల్లో దాన్ని శోథ అంటాం, ఇంట్లో వాపు అనో మంట అనో అంటాం. మెదడు కణజాలానికి నొప్పి తెలియదు. అందుకే అక్కడి మంట ఇన్నేళ్ళూ మనకు కనబడలేదు.

తలార్లు దొంగతనం జరిగాక చేరారా, లేక దొంగతనంలో వాళ్ళ చెయ్యీ ఉందా అన్నది తర్వాతి ప్రశ్న. దీనికి కాలిఫోర్నియా నుంచి ఒక విషాదకరమైన ఆధారం దొరికింది. 1982లో అక్కడ కొందరు యువకులు దొంగచాటుగా తయారైన మత్తుమందు ఎక్కించుకున్నారు. అందులో ఎంపీటీపీ అనే విషం కలిసి ఉంది. కొద్ది రోజుల్లోనే వాళ్ళు ముదిరిన పార్కిన్‌సన్ రోగుల్లా కొయ్యబారిపోయారు. ఆ విషం బారిన పడి తర్వాత మరణించిన ముగ్గురి మెదళ్ళను 1999లో లాంగ్‌స్టన్ బృందం వివరించింది. విషం తగిలి మూడేళ్ళ నుంచి పదహారేళ్ళు గడిచాయి. విషం ఎప్పుడో కరిగిపోయింది. తలార్లు మాత్రం ఇంకా ఉగ్రంగానే ఉన్నారు, కణాలు ఇంకా చస్తూనే ఉన్నాయి. నిప్పు పెట్టినవాడు వెళ్ళిపోయినా మంట ఆరలేదన్నమాట.

మంట ఎలా రాజుకుంటుందో ఇప్పుడు కొంత తెలుసు. నరకణంలో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ ఉండలు కడుతుంది. ఆ ఉండలు బయటికి జారితే తలారి పట్టుకుంటాడు. లోపల ఎన్‌ఎఫ్ కప్పా బి అనే మీట పడుతుంది. ఆపైన ఎన్‌ఎల్‌ఆర్‌పి3 అనే ప్రొటీన్ మరికొన్నిటిని కూడగట్టి ఒక యంత్రంలా అమరుతుంది. దాన్ని ఇన్‌ఫ్లమసోమ్ అంటారు. అది ఇంటర్‌ల్యూకిన్ 1 బీటా అనే రసాయనాన్ని పదునుపెట్టి బయటికి వదులుతుంది. టీఎన్‌ఎఫ్ అనే మరో మంట రసాయనం కూడా తోడవుతుంది. పక్కనున్న నరకణం ఆ వేడికి మాడిపోతూ తన ఉండల్ని వదులుతుంది. దాన్ని చూసి మరో తలారి కేక పెడతాడు. 2017లో ఇంకో సంగతి తెలిసింది. కొందరు రోగుల రక్తంలోని టీ కణాలు, అంటే రక్షణ దళపు కణాలు, ఈ సైన్యూక్లిన్ ముక్కల్నే పరాయివాటిగా గుర్తుపడుతున్నాయి. మంట మెదడు గోడ దాటి ఒంటికీ పాకిందని దీని అర్థం. లేదా ఒంట్లోనే మొదలై మెదడుకు పాకి ఉండవచ్చు. 2003లో జర్మన్ శాస్త్రవేత్త బ్రాక్ ప్రతిపాదించిన దారి ఈ రెండో దారే: ముక్కు దగ్గర, పేగు దగ్గర మొదలై పైకి ఎక్కడం. మాస్టారి పులస వాసన, పదేళ్ళ మలబద్ధకం ఇప్పుడు మీకు మళ్ళీ గుర్తొస్తున్నాయి కదూ.

కుష్ఠు నేర్పిన పాఠం

దక్షిణాదిలో నరాల జబ్బులు చూసే ప్రతి వైద్యుడికీ కుష్ఠు గురువు లాంటిది. మందు మొదలుపెట్టాక క్రిములు చస్తున్న సమయంలోనే కొందరికి ఉన్నట్టుండి నరం వాచి, రాత్రికి రాత్రి చెయ్యి పడిపోతుంది. ఇది రియాక్షన్. ఆ నష్టం చేసేది మన సొంత దళమే. అప్పుడు మేం కుష్ఠు మందు ఆపం, దానికి తోడు స్టీరాయిడ్ ఇచ్చి మంటను తగ్గిస్తాం. ఒక్క వారం ఆలస్యమైనా చెయ్యి తిరిగి రాకపోవచ్చు.

కుష్ఠుకూ పార్కిన్‌సన్‌కూ జన్యువుల్లోనే చుట్టరికం ఉందని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. చిన్న వయసులో వచ్చే పార్కిన్‌సన్‌కు కారణమైన పార్కిన్ జన్యువును 1998లో జపాన్‌లో కనుక్కున్నారు. కుష్ఠు ఎవరికి సోకుతుందన్న దానితో అదే జన్యువు పరిసరాలకు సంబంధం ఉందని 2004లో తేలింది. పార్కిన్‌సన్‌తో ముడిపడిన మరో ముఖ్య జన్యువు ఎల్‌ఆర్‌ఆర్‌కె2. దాని పేరు 2009లో కుష్ఠు అధ్యయనంలో వినబడింది, క్రోన్స్ అనే పేగు జబ్బులోనూ వినబడింది. నాడీ వైద్యులం మాదనుకున్న జన్యువులు రక్షణ దళం ఇంటివని అర్థమైంది. 2019లో వచ్చిన ఒక పరిశోధన ఇంకా లోతుకు వెళ్ళింది. ఎల్‌ఆర్‌ఆర్‌కె2లోని ఒక మార్పు పార్కిన్‌సన్ ముప్పును పెంచుతూనే, కుష్ఠు రియాక్షన్ నుంచి కాపాడుతోందట. కాపలా ఎక్కడ మేలు, ఎక్కడ కీడు అన్నది జబ్బును బట్టి మారుతుంది.

2006 నాటి పరీక్ష

ఇప్పుడు సుబ్బారావు గారి దగ్గరికి తిరిగి వస్తాను. 2006లో అమెరికాలో ఒక పార్కిన్‌సన్ పరీక్ష ఫలితాలు వచ్చాయి. కొత్తగా జబ్బు బయటపడిన 200 మందిని మూడు జట్లు చేసి, ఒక జట్టుకు క్రియాటిన్, ఒక జట్టుకు మినోసైక్లిన్, మూడో జట్టుకు ఉత్తుత్తి మాత్ర ఏడాది పాటు ఇచ్చారు. ఆ వ్యాసం మొదటిసారి చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను.

కండరంలో శక్తి ఫాస్ఫోక్రియాటిన్ రూపంలో దాగి ఉంటుందని 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి చూపించినవారు సుబ్బారావు గారే. ఇక మినోసైక్లిన్ టెట్రాసైక్లిన్ వంశంలోది. ఆ వంశానికి మూలపురుషుడు ఆరియోమైసిన్. ఆయన పరిశోధనా సారథ్యంలో ఉన్న లెడర్లేలో డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త కనుగొన్న ఆ మందు 1948లో లోకానికి తెలిసింది. మినోసైక్లిన్ అదే లెడర్లేలో 1960లలో పుట్టింది. మొటిమలకు వాడే ఈ మందు మైక్రోగ్లియాను శాంతపరుస్తుందని ఎలుకల్లో తేలాక పార్కిన్‌సన్ మీద ప్రయోగించారు. అంటే ఆ పరీక్షలోని రెండు మందుల వెనకా ఒక్క భీమవరం మనిషి నీడ ఉంది.

ఫలితం మాత్రం ఆశపెట్టి వదిలేసింది. రెండిటినీ పనికిరానివని కొట్టిపారెయ్యలేకపోయారు. క్రియాటిన్‌ను 1741 మందిపై పెద్దఎత్తున పరీక్షించి, లాభం లేదని తేలి 2013లో ఆపేశారు. మినోసైక్లిన్ జట్టులో ఐదోవంతుకు మించిన వారు మాత్రలు పూర్తిగా వాడలేకపోయారు. ఆ మందు ముందుకు సాగలేదు.

అప్పటి నుంచి చాలామంది "మంటను ఆర్పితే లాభం లేదు, అది పొగ మాత్రమే" అన్నారు. నేను ఒప్పుకోను. సుబ్బారావు గారి ఇంకో మందు నా వైపు సాక్ష్యం చెబుతుంది. ఆయన బృందం చేసిన ఫోలిక్ యాసిడ్ విరోధులతో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌కు వైద్యం మొదలుపెట్టాడు. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. పెద్ద మోతాదులో అది క్యాన్సర్ కణాన్ని చంపుతుంది. అదే మందు వారానికి ఒక్కసారి, కొద్ది మిల్లీగ్రాముల్లో ఇస్తే కీళ్ళవాతం మంట తగ్గుతుంది. అమెరికాలో కీళ్ళవాతానికి దాన్ని అనుమతించింది 1988లో, మందు పుట్టిన నలభై ఏళ్ళకు. మోతాదు, వేళ, రోగి, ఈ మూడూ కుదిరేదాకా అది క్యాన్సర్ మందుగానే మిగిలింది. మినోసైక్లిన్‌ను సగం కణాలు పోయాక ఇచ్చాం. ఎవరిలో మంట ఎక్కువో, ఎవరిలో తక్కువో చూడకుండా అందరికీ ఇచ్చాం. తలారి కేకను ఎక్కడ ఆపాలో తెలియని మొద్దు ఆయుధంతో వెళ్ళాం. ఓడిపోయిన యుద్ధం నుంచి కూడా నేర్చుకోవలసింది ఉంటుంది.

ఇప్పుడు ఎక్కడున్నాం

ఇప్పటి ఆయుధాలకు పదును ఉంది. 2018లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం బృందం ఎన్‌ఎల్‌ఆర్‌పి3 యంత్రాన్ని మాత్రమే ఆపే ఎమ్‌సిసి950 అనే అణువును నోటి ద్వారా ఎలుకలకు ఇచ్చి, డోపమైన్ కణాల్ని కాపాడగలిగింది. ఆ బాటలో తయారైన ఇతర అణువులు మనుషుల్లో తొలి దశ పరీక్షలకు చేరాయి. ఎల్‌ఆర్‌ఆర్‌కె2ను అణిచే మందులూ పరీక్షల్లో ఉన్నాయి.

2018లోనే అమెరికా బీమా రికార్డులు తిరగేసిన ఒక అధ్యయనం పేగు మంట జబ్బు ఉన్నవారిలో పార్కిన్‌సన్ 28 శాతం ఎక్కువని చెప్పింది. వాళ్ళలో టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే సూదిమందు తీసుకున్నవారిలో, తీసుకోనివారితో పోలిస్తే, 78 శాతం తక్కువని కూడా చెప్పింది. ఆ సూదిమందు పెద్ద అణువు, మెదడు గోడ దాటడం కష్టం. అయినా తేడా కనబడిందంటే మంట మూలం ఒంట్లోనే ఉండవచ్చని నా మనసు చెబుతోంది. రికార్డుల లెక్క మాత్రం రుజువు కాదు.

షుగర్ మందుల కథ ఇంకా తాజాది. జీఎల్‌పీ1 రకం మందులు మైక్రోగ్లియా మంటను కూడా తగ్గిస్తాయని ప్రయోగశాలల్లో తేలింది. ఫ్రాన్స్‌లో 156 మందిపై ఆ రకంలోని లిక్సిసెనటైడ్‌ను పరీక్షించారు, ఫలితాలు 2024లో వచ్చాయి. ఏడాదిలో ఉత్తుత్తి సూది జట్టు కదలికల కొలతలో 3 పాయింట్లు దిగజారింది, మందు జట్టు దాదాపు ఉన్నచోటే ఉంది. అయితే మందు వాడినవారిలో దాదాపు సగం మంది వికారంతో బాధపడ్డారు. ఆ సంబరం తీరకముందే, 2025లో బ్రిటన్‌లో 194 మందికి 96 వారాలు ఇచ్చిన అదే రకం మందు ఎక్సెనటైడ్ ఏ తేడా చూపలేదు. ఒకటి గెలిచి ఒకటి ఓడిందని నిరాశపడొద్దు, గెలిచిందాన్ని చూసి మందుల షాపుకు పరిగెత్తొద్దు.

అందుకే ఇక్కడున్న కుటుంబాలకు చేతులు జోడించి చెబుతున్నాను. ఐబుప్రోఫెన్ వాడేవారిలో పార్కిన్‌సన్ 38 శాతం తక్కువని 2011లో ఒక అధ్యయనం చెప్పింది. అది చూసి ఎవరికి వారు ఆ మాత్ర మొదలుపెట్టకండి. కడుపులో పుండు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మన దేశంలో క్షయ క్రిమి ఎందరి ఊపిరితిత్తుల్లోనో నిద్రపోతూ ఉంటుంది. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకుంటే అది లేవవచ్చు. తలారిని పూర్తిగా పడుకోబెడితే ఇల్లు దొంగల పాలవుతుంది. పార్కిన్‌సన్‌కు మీరు వాడే సిండోపా మాత్ర మానకండి. అందులోని లెవోడోపాను దూలగొండి గింజల నుంచి 1937లోనే మన మద్రాసులో దామోదరన్, రామస్వామి వేరుచేశారు. ఈనాటికీ దానికి సాటి మందు లేదు. నడక మానకండి. కదిలే ఒళ్ళు ఈ జబ్బును బాగా తట్టుకుంటుంది.

ఈ ఊరు చేయగల పని

1823లో ఫ్రెంచివారు ఇక్కడ పెట్టిన వైద్య పాఠశాల వారసత్వం ఇప్పటి జిప్మర్ వైద్య కళాశాల వరకు వచ్చింది. రాత్రిళ్ళు గుమ్మం గుమ్మానికీ వెళ్ళి రక్తపు చుక్క అడిగి తీసుకున్న అనుభవం ఈ నేలకు ఉంది. కుష్ఠు రియాక్షన్‌ను పసిగట్టి నరాన్ని కాపాడిన అనుభవమూ ఉంది. వాసన పోయినవాళ్ళు, నిద్రలో చేతులు విసిరేవాళ్ళు, ఏళ్ళ తరబడి మలబద్ధకం ఉన్నవాళ్ళు మన చుట్టూ ఉన్నారు. వాళ్ళందరికీ పార్కిన్‌సన్ వస్తుందని కాదు. ఈ మూడూ కలిసి ఉన్నవారిని ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉండి, వాళ్ళ రక్తంలో మంట గుర్తులు కొలిస్తే, ఎవరికి ఏ మందు, ఏ వేళకు అన్న ప్రశ్నకు మన దగ్గరే జవాబు మొదలవుతుంది. తమిళంలో, తెలుగులో వాళ్ళ మాటల్లోనే అడగగలిగినవాళ్ళం మనమే. "వాసన తెలుస్తోందా?" అని అడగడం వేరు, "పులుసు వాసన తెలుస్తోందా?" అని అడగడం వేరు.

సుబ్బారావు గారి అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో రోజుల తేడాలో పోయారు. ఆయననూ అదే జబ్బు పట్టుకుంటే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేదం నిలబెట్టింది. ఆ తర్వాత ఆయన సముద్రాలు దాటారు. 1945లో ఆయన బృందం ప్రయోగశాలలో తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ ఆ స్ప్రూకే మందైంది. ఇంట్లో రెండు పాడెలు లేచాక ఆ మందు చేతికి రావడానికి పాతికేళ్ళు పట్టింది. ఆయన ఆ ప్రశ్నను ఎప్పుడూ కింద పెట్టలేదు.

మాస్టారు ఇప్పటికీ ఆరు నెలలకోసారి వస్తారు. ప్రతిసారీ కాగితం ఇస్తాను, ఒక వాక్యం రాస్తారు. మందు పనిచేసే వేళ అయితే అక్షరాలు కొంచెం పెద్దవవుతాయి. కిందటిసారి ఆయన రాసిన వాక్యం చూసి నేను మాట్లాడలేకపోయాను: "మా మనవడికి పులస వాసన పోతే మీ దగ్గర జవాబు ఉండాలి." ఆ కాగితం నా బల్ల సొరుగులో ఉంది. ఈ సభలో కూర్చున్న విద్యార్థులారా, ఆ జవాబు రాయాల్సింది మీరు. నేను పడ్డ చోటు నుంచి మీరు మొదలుపెట్టండి.